ఫొటో తీయడం, ఫొటో దిగడం

గత ఏప్రిల్ 14కి మా కాలేజీలో పిల్లలు ఒక ఫొటో ఎగ్జిబిషన్ పెట్టారు. పన్నెండు ఫ్లెక్సీలు. గేటు దగ్గర మొదలుపెట్టి సెమినార్ హాలు దాకా వరసగా కట్టారు. అన్నిటికంటే పెద్దది, గేటు పక్కన కట్టినది, మా కాలేజీ ఊడ్చే అమ్మ ఫొటో. వాన పడ్డ రోజు కాలువ పూడుకుపోతే ఆమె వంగి చేతుల్తో చెత్త తీస్తోంది. మా డిగ్రీ విద్యార్థి ఒకడు మేడ మీద నుంచి సెల్‌ఫోన్లో తీశాడు. మొహం సగమే కనబడుతుంది. జుట్టు రేగిపోయి ఉంది. చీర మోకాళ్ళ పైకి ఎగదోపి ఉంది. దాన్ని నలుపు తెలుపులోకి మార్చి, కింద ఎర్ర అక్షరాలతో ‘ఇంకెన్నాళ్ళు?’ అని రాశారు.

చూసి నేను చాలా బాగుందన్నాను. గేటు దగ్గర కట్టమని చెప్పింది కూడా నేనే.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె మా స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు.

“గేటు కాడ బొమ్మ నాదేనంట గదా సారూ?”

అవునన్నాను. కార్యక్రమం గురించి ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు.

“నన్నొక్క మాట అడిగితే మంచి చీర కట్టుకొచ్చేదాన్ని గదా. మా కోడలు చూసింది. వాళ్ళమ్మకి ఫోన్లో పంపిచ్చింది గూడా. మీరూ మనోళ్ళే గదా సారూ.”

ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రమే ఫ్లెక్సీ దింపించాను. కానీ దింపినంత మాత్రాన ఆ మాట వదల్లేదు. ఆ వారమంతా పాఠం పక్కన పెట్టి, పిల్లలతో కలిసి ఇదే మాట్లాడుకున్నాం. మన బొమ్మ ఎవరు తీశారు, ఎందుకు తీశారు, మనం ఎప్పుడు మనంతట మనం కెమెరా ముందు నిలబడ్డాం? క్లాసులో చెప్పుకున్న సంగతులనే ఈ వారం వ్యాసంగా రాస్తున్నాను. కొంచెం పెద్దదే. ఓపికతో చదవండి.

*

తెలుగులో ఒక విచిత్రం ఉంది. ఫొటోకి మనకు రెండు క్రియలున్నాయి. ‘ఫొటో తీశాడు’ అంటే కెమెరా పట్టుకున్నవాడి పని. ‘ఫొటో దిగింది’ అంటే కెమెరా ముందు నిలబడ్డ మనిషి పని. ‘మా అమ్మ ఫొటో దిగింది’ అన్నామంటే ఆ వాక్యానికి కర్త అమ్మే. తీసినవాడి ఊసే లేదు. మన ఊళ్ళో ఎవరూ ‘నా ఫొటో తీయబడింది’ అనరు. ‘ఫొటో దిగొచ్చా’ అంటారు. తల దువ్వుకుని, పౌడరు రాసుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు వేసుకుని, ఊపిరి బిగబట్టి నిలబడి చేసే పని అది.

మా ఫ్లెక్సీలో ఉన్నది తీసిన ఫొటో. ఆమె అడిగింది దిగే హక్కు. ఈ రెండు క్రియల మధ్య దూరమే ఈ వ్యాసం.

*

ముందు తీసిన ఫొటోల చరిత్ర చూద్దాం.

కెమెరా మన దేశంలోకి వచ్చిన కొత్తలో అది రాజులది, దొరలది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వానికి తాము ఏలుతున్నది ఎవర్నో తెలుసుకోవాలన్న కంగారు పెరిగింది. దాని ఫలితం ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే ఎనిమిది సంపుటాల పుస్తకం. 1868 నుంచి 1875 దాకా అచ్చయింది. జాన్ ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కేయ్ సంపాదకులు. నాలుగు వందల యాభైకి పైగా ఫొటోలు. ఒక్కో ఫొటో కింద మనిషి పేరు కాదు, కులం పేరో తెగ పేరో ఉంటుంది. పక్క పేజీలో ఆ కులం ఎలాంటిది, నమ్మదగ్గదా, దొంగతనాలు చేసేదా అన్న వివరం. మనిషి మొహం చూపించి కులం గుణం చెప్పడమన్నమాట.

ఆ పుస్తకం చుట్టూ ఒక ఉదంతం ఉంది. 1869లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కొడుకులతో లండన్ వెళ్ళాడు. ఇండియా ఆఫీసులో ఈ సంపుటాలు చూశారు. అక్కడున్న ఒక ఇంగ్లీషు కుర్రాడు వాళ్ళబ్బాయిని, నువ్వూ హిందుస్తానీవేనా అని అడిగాడట. ఆ అబ్బాయి సిగ్గుతో ఎర్రబడి, అవునని, వెంటనే తాను ఇక్కడి ఆదివాసిని కాదని, తన పూర్వీకులు వేరే దేశం నుంచి వచ్చారని చెప్పుకున్నాడు. సయ్యద్ అహ్మద్ ఖానే ఆ సంగతి ఉత్తరంలో రాశాడు.

ఇది చెప్పగానే మా క్లాసులో ఒకమ్మాయి ఠక్కున అంది: “సార్, ఆయనకైతే తప్పించుకోవడానికి వేరే దేశం ఉంది. మనకేముంది?” నిజమే. ఆ ఆల్బంలోంచి బయటపడే దారి పై కులాలకు, పై వర్గాలకు ఉంది. ‘ఆ ఫొటోలో ఉన్నది మేం కాదు, వాళ్ళు’ అంటే సరిపోతుంది. ఆ ‘వాళ్ళు’ మనం.

తర్వాత మన దగ్గరికే వచ్చాడు ఎడ్గార్ థర్‌స్టన్. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటు. 1909లో ‘కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ ఏడు సంపుటాలు వేశాడు. కె. రంగాచారి సహాయం చేశాడు. థర్‌స్టన్‌కి మనుషుల్ని కొలవడం పని. తల పొడవు, ముక్కు వెడల్పు, ఎత్తు కొలిచే పరికరాలు పట్టుకుని తిరిగాడు. నాలుగో సంపుటంలో మాల, మాదిగ రెండూ ఉన్నాయి. నా పీహెచ్‌డీలో నేను ఆ పేజీల్ని ఉదహరించాను. తెలుగు శాఖల్లో కులవృత్తుల మీదో కులపురాణాల మీదో పనిచేసినవాళ్ళు చాలామంది ఉదహరిస్తారు. అప్పుడు నాకు అందులో సమాచారం కనబడింది. కొలతబద్ద కింద నిలబడ్డ మనిషి కనబడలేదు. ఆ మనిషికి పొద్దున్నే ఎవరు కబురు పెట్టారు, ఆ రోజు కూలి పోయిందా, నిలబడనంటే ఏమయ్యేది అని నేను ఒక్క ఫుట్‌నోట్‌లో కూడా అడగలేదు.

ఇది మన ఒక్కళ్ళ కథే కాదు. 1850లో అమెరికాలో, దక్షిణ కరోలినాలోని కొలంబియా పట్నంలో, లూయీ అగాసీ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ కోసం జె.టి. జీలీ అనే స్టూడియో ఫొటోగ్రాఫరు బానిసల ఫొటోలు తీశాడు. రెంటీ అనే మనిషి, ఆయన కూతురు డీలియా, ఇంకా కొందరు. బట్టలు విప్పించి, ముందు నుంచి, పక్క నుంచి తీశారు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే మూలం నుంచి పుట్టలేదని నిరూపించడానికి. కూతురి ముందు తండ్రిని, తండ్రి ముందు కూతురిని అలా నిలబెట్టిన ఆ గదిని ఊహించండి. ఆ పలకలు 1976లో హార్వర్డ్ మ్యూజియం అటక మీద మళ్ళీ బయటపడ్డాయి.

*

సరిగ్గా అదే కాలంలో, అదే అమెరికాలో, ఒక మనిషి దీనికి జవాబు చెప్పాడు. మాటతో చెప్పాడు, ఫొటో దిగి కూడా చెప్పాడు.

ఫ్రెడరిక్ డగ్లస్. బానిసగా పుట్టి, 1838లో పారిపోయి, బానిసత్వ వ్యతిరేక ఉద్యమానికి గొంతైనవాడు. 1849లోనే తన పత్రిక ‘నార్త్ స్టార్’లో ఒక ఫిర్యాదు రాశాడు. తెల్ల చిత్రకారులు నల్లవాళ్ళ బొమ్మ వేస్తే ఉన్నది ఉన్నట్టు వేయలేరని, వాళ్ళ మనసులో ముందే ఒక బొమ్మ ఉంటుందని ఆయన వాదన. కెమెరా మీద ఆయనకు నమ్మకం కుదిరింది అందుకే. ఫొటోల గురించి ప్రత్యేకంగా ఉపన్యాసాలు ఇచ్చాడు. జీవితాంతం ఎక్కడికి వెళితే అక్కడ స్టూడియోలో కూర్చున్నాడు. ఇప్పటిదాకా దొరికిన వేరువేరు ఫొటోలు 160 దాకా ఉన్నాయి. 19వ శతాబ్దపు అమెరికాలో అంతగా ఫొటోలు దిగిన మనిషి లేడంటారు. లింకన్ కూడా ఆయన తర్వాతే.

ఆ ఫొటోలు వరసగా పెట్టి చూడండి. మంచి కోటు. మెడకు గుడ్డ. శుభ్రంగా దువ్విన జుట్టు. దాదాపు ఎక్కడా నవ్వు లేదు. ఆ రోజుల్లో తెల్లవాళ్ళు గీసిన బొమ్మల్లో నల్లమనిషి అంటే పళ్ళికిలించేవాడు. ఆ నవ్వు తన మొహం మీద ఉండకూడదనుకున్నాడు. అది ఆయన రాజకీయం. పోజు అంటే నటన అని మనకు అలవాటుగా అనిపిస్తుంది. డగ్లస్ పోజు అలాంటిది కాదు. వేరేవాళ్ళు తన మీద పెట్టిన వేషాన్ని తీసేయడం.

*

ఇక మన బాబాసాహెబ్ దగ్గరికి రండి.

అంబేడ్కర్ కోటు గురించి మనం ఎన్ని వెటకారాలు విన్నాం! ‘పేదల నాయకుడికి సూటెందుకు?’ అని. 1921లో మదురైలో గాంధీ చొక్కా విప్పి కొల్లాయి కట్టాడు. దేశం చేతులెత్తి మొక్కింది. విప్పడం ఆయనకు త్యాగమైంది, ఎందుకంటే కట్టుకునే హక్కు పుట్టుకతోనే ఉంది. అది లేనివాళ్ళకు చొక్కా తొడుక్కోవడమే తిరుగుబాటు. చెప్పులేసుకుని ఊళ్ళోంచి నడవడానికీ, మోకాళ్ళ కిందికి పంచె కట్టడానికీ దెబ్బలు తిన్న తాతలు మనలో చాలామందికి ఉన్నారు.

ఇది అంబేడ్కర్‌కి బాగా తెలుసు. 1927 డిసెంబరులో మహాడ్‌లో, మనుస్మృతిని తగలబెట్టిన ఆ సభల్లోనే, ఆడవాళ్ళతో ప్రత్యేకంగా మాట్లాడాడు. చీర కట్టే తీరు మార్చమన్నాడు. చూడగానే అంటరానివాళ్ళని తెలిసిపోయే ఆ నగల్ని వదిలేయమన్నాడు. చట్టాలూ శాస్త్రాలూ చదివిన మనిషి చీరకట్టు గురించి ఎందుకు మాట్లాడాడు? కులం ఒంటి మీద ఒక డిజైన్‌లా గీసి ఉంటుందని గ్రహించాడు కాబట్టి. ఏ గుడ్డ, ఎంత పొడవు, ఏ లోహం, ఎక్కడ దాకా... అన్నీ ఎవరో ముందే గీసిపెట్టారు. దాన్ని చెరిపేయమన్నాడు.

ఆయన ఫొటోల్లో నాకు చాలా ఇష్టమైనది 1934 ఫిబ్రవరిలో రాజగృహలో కుటుంబంతో దిగింది. కొడుకు యశ్వంత్, రమాబాయి, వదిన లక్ష్మీబాయి, అన్న కొడుకు ముకుంద్. పెంపుడు కుక్క టోబీ కూడా ఉంది. ఏడాది తర్వాత, 1935 మే నెలలో, రమాబాయి చనిపోయింది. ఆ ఫొటోలో పోరాటం అని చెప్పే వస్తువు ఒక్కటీ లేదు. ఒక ఇంటివాళ్ళు తమ ఇంట్లో ఉన్నారు. సొంత ఇల్లు, పుస్తకాలు, కుక్క. థర్‌స్టన్ పుస్తకంలో మన పేరు కింద ఇవేవీ ఉండవు.

మా నాన్న పెళ్ళి ఫొటోలో ఒక కోటు ఉంది. అది ఆయనది కాదు, స్టూడియోవాడిది. గోడకు తగిలించి ఉంటే వచ్చినవాళ్ళంతా అదే తొడుక్కుని దిగేవాళ్ళట. చేతులు పొట్టి, భుజాలు వదులు. చిన్నప్పుడు ఆ ఫొటో చూసి నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వు రాదు. మా నాయనమ్మకు ఆ మాత్రం ఫొటో కూడా లేదు. ఆమె మొహం రేషన్‌కార్డు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అది తీసిన ఫొటో, దిగిన ఫొటో కాదు.

వాడవాడలా కనబడే అంబేడ్కర్ విగ్రహాన్ని ఈ వరసలో చూడండి. కోటు, కళ్ళద్దాలు, చేతిలో రాజ్యాంగం, చాచిన చూపుడు వేలు. ఏ ఆర్ట్ కాలేజీ ఆ రూపాన్ని మన వాడలకు పంచలేదు. కూలి డబ్బులు చందాలేసుకుని మనవాళ్ళే ఊరూరా నిలబెట్టుకున్నారు. 2023లో హైదరాబాద్‌లో, 2024లో విజయవాడలో 125 అడుగుల విగ్రహాలు ప్రభుత్వాలు పెట్టాయి. మంచిదే. కానీ పల్లె చివర సిమెంటు విగ్రహం చుట్టూ ఇనప ఊచల బోను ఎందుకు కట్టాల్సి వస్తోందో ఆలోచించండి. తల ఎత్తి నిలబడ్డ ఆ పోజే కొందరికి భరించరానిది.

*

“అయితే సార్, కష్టాన్ని చూపించకూడదా? అందరూ కోట్లేసుకుని నవ్వుతున్నట్టు చూపించాలా?” ఆ ఫ్లెక్సీ ఫొటో తీసిన కుర్రాడే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. నేనూ అదే అడుక్కున్నాను.

దీనికి జవాబు ఒక తల్లి దగ్గర ఉంది. 1955 ఆగస్టు, మిసిసిపీ. ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్ల పిల్లవాడిని తెల్లవాళ్ళు ఎత్తుకుపోయి చంపి నదిలో పడేశారు. శవం షికాగోలో ఉన్న తల్లి మేమీ టిల్ దగ్గరికి వచ్చింది. గుర్తుపట్టలేని మొహం. ఆమె శవపేటిక మూత తెరిచే ఉంచమంది. వేలాదిమంది వచ్చి చూశారు. ‘జెట్’ పత్రిక ఫొటో వేసింది. అమెరికా పౌరహక్కుల ఉద్యమాన్ని కదిలించిన ఫొటోల్లో అది ముఖ్యమైనది. అంతకంటే భయంకరమైన ఫొటో ఉండదు. కానీ దాన్ని చూపించాలని నిర్ణయించింది ఎవరు? కన్నతల్లి.

మన దగ్గరా ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. శవాల్ని ఊరి చివర శ్మశానానికి పంపకుండా, అందరి కళ్ళెదుటా ఉండే చోట పాతిపెట్టారు మనవాళ్ళు. ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. కళా ప్రపంచంలో ఒక స్థలాన్నే కళాఖండంగా మలిస్తే ఇన్‌స్టలేషన్ అంటారు. చుండూరువాళ్ళకు ఆ మాట అక్కర్లేకపోయింది. ఊరు మర్చిపోకుండా చేయడానికి నేలను ఎలా వాడాలో వాళ్ళకు తెలుసు.

కాబట్టి కష్టం చూపించాలా వద్దా అన్నది కాదు సమస్య. ఎవరి కష్టమో వాళ్ళ మాట అందులో ఉందా అన్నది.

*

పిల్లలకు ఇంకొక ఫొటో చూపించాను. గోర్డన్ పార్క్స్ 1942లో వాషింగ్టన్‌లో తీసింది. పార్క్స్ నల్లజాతి ఫొటోగ్రాఫరు, అప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళవాడు. ఎఫ్.ఎస్.ఎ. అనే ప్రభుత్వ సంస్థలో పని నేర్చుకోవడానికి వచ్చాడు. వచ్చిన తొలిరోజుల్లోనే దేశ రాజధానిలో దుకాణంలో, హోటల్లో, సినిమా హాల్లో ఆయన్ని గెంటేశారు. కోపంతో ఆఫీసుకొచ్చాడు. అధికారి రాయ్ స్ట్రైకర్, ఈ ఆఫీసు ఊడ్చే ఆమెతో మాట్లాడు అన్నాడు. ఆమె పేరు ఎల్లా వాట్సన్. జీతం ఏడాదికి 1,080 డాలర్లు, దాంతో ఇంటిల్లిపాదీ బతకాలి. తండ్రిని మూక చంపింది. భర్త తుపాకీ గుండు తగిలి పోయాడు.

ముందు ఆ కథంతా విన్నాడు. తర్వాత గోడకు వేలాడుతున్న పెద్ద అమెరికా జెండా ముందు ఆమెను నిలబెట్టాడు. ఒక చేతిలో చీపురు, వెనక నేల తుడిచే కర్ర. గ్రాంట్ వుడ్ 1930లో వేసిన ‘అమెరికన్ గోథిక్’ అనే ప్రసిద్ధ చిత్రంలో తెల్ల రైతు పంగలకర్ర పట్టుకుని నిలబడ్డట్టే. ఫొటోకీ అదే పేరు వచ్చింది. ఆమె వంగలేదు. నిటారుగా నిలబడి ఉంది. ఆ జెండా ఆమెకు ఏమి చేసిందో చూసేవాడే తేల్చుకోవాలి. పార్క్స్ అక్కడితో ఆగలేదు. వారాల తరబడి ఆమె ఇంటికి, చర్చికి వెళ్ళి, మనవళ్ళతో ఉన్నప్పుడు తీశాడు. ఊడ్చే మనిషికి ఊడ్వని గంటలు కూడా ఉంటాయని ఆ ఫొటోలు చెబుతాయి.

మరి ఇప్పటికే తీసేసిన ఫొటోల్ని ఏం చేయాలి? అటక మీద దొరికిన రెంటీ, డీలియాల సంగతేమిటి? క్యారీ మే వీమ్స్ అనే నల్లజాతి కళాకారిణి 1995–96లో ఒక పని చేసింది. ఆ ఫొటోల్ని, అలాంటి మరికొన్నిటిని పెద్దవి చేసి, నెత్తురు రంగు ఎరుపులోకి మార్చింది. గుండ్రటి చట్రాల్లో బిగించింది. పైనున్న అద్దం మీద మాటలు చెక్కించింది. ‘నువ్వు’ అని ఆ మనిషిని పలకరిస్తూ, వాళ్ళు నిన్ను ఏం చేశారో నాకు తెలుసు అని చెప్పే మాటలు. గోడ పొడవునా వరసగా వేలాడే ఆ చిత్రాల్ని మాటలు అడ్డురాకుండా చూడలేం. కొలత కోసం తీసిన ఫొటో, ఆమె చేతిలో సంతాపమైంది. హార్వర్డ్‌వాళ్ళు అనుమతి లేదని కేసు మాట ఎత్తితే, వేయండి, ఆ చర్చ కోర్టులోనే జరగనీయండి అన్నానని ఆమే తర్వాత చెప్పింది. చివరికి ఆ విశ్వవిద్యాలయమే ఆ పనిలో కొంత కొనుక్కుంది. రెంటీ వంశంలోనిదాన్నని చెప్పుకున్న తమారా లానియర్ 2019లో కోర్టుకెక్కింది. 2025లో రాజీ కుదిరి, ఆ ఫొటోల్ని దక్షిణ కరోలినాలోని నల్లజాతి మ్యూజియానికి ఇవ్వడానికి హార్వర్డ్ ఒప్పుకుంది. నూటడెబ్భై అయిదేళ్ళు పట్టింది.

పోస్టర్లు వేసే పిల్లలు ఎమొరీ డగ్లస్ పేరు గుర్తుపెట్టుకోవాలి. బ్లాక్ పాంథర్ పార్టీ పత్రికకు 1967 నుంచి డిజైనర్. బాల నేరస్థుల జైల్లో ప్రింటింగ్ పని నేర్చుకుని, తర్వాత కాలేజీలో కమర్షియల్ ఆర్ట్ చదివాడు. డబ్బు లేక నలుపుకు తోడు ఒకటో రెండో రంగులు. లావుపాటి గీతలు. దూరం నుంచైనా, చదువు రాకపోయినా అర్థమయ్యే బొమ్మ. అందులో తల్లులు, ముసలివాళ్ళు, పిల్లలు ఉంటారు. పేదవాళ్ళే, బట్టలకు మాసికలుంటాయి, కానీ చూపు దించరు. 1972లో బొంబాయిలో మన దళిత్ పాంథర్స్ పేరు పెట్టుకుంది ఆ పాంథర్ల స్ఫూర్తితోనే.

*

ఇక మన కాలానికి వద్దాం. 2016 జనవరి మొదటి వారం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. హాస్టల్ నుంచి వెలివేసిన ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులు పరుపులు మోసుకుంటూ బయటికి వస్తున్న ఫొటో మీరంతా చూసే ఉంటారు. రోహిత్ వేముల చేతుల్లో అంబేడ్కర్ పటం ఉంటుంది. గది పోగొట్టుకున్న మనిషి ముందుగా పట్టుకున్నది ఆ పటాన్ని. ఆ ఫొటో చూసి ఎవరూ ‘అయ్యో పాపం’ అని ఊరుకోలేరు.

తర్వాత వాళ్ళు షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర ఆరుబయట ఒక గుడారం వేసుకున్నారు. గోడలుగా ఫ్లెక్సీలు. వాటి మీద అంబేడ్కర్, సావిత్రీబాయి ఫూలే వంటి పెద్దల మొహాలు. పేరు ‘వెలివాడ’. చలిలో అక్కడే పడుకున్నారు. ఊరు మనకు పెట్టిన పేరునే యూనివర్సిటీ నడిబొడ్డున బోర్డు కట్టారు. వెలి అనేది చరిత్ర పుస్తకంలో మాట కాదు, ఇదిగో ఇక్కడ ఉంది, దీని పక్క నుంచే మీరు టీ తాగడానికి వెళుతున్నారు అని చూపించారు. జనవరి 17న రోహిత్ మనకు లేకుండా పోయాడు. ఆ నాలుగు ఫ్లెక్సీ గోడలు ఎన్నో క్యాంపస్‌లకు పాకాయి.

ఫొటో, డిజైన్, ఇన్‌స్టలేషన్ మూడూ అందులో ఉన్నాయి. చేసినవాళ్ళు ఆర్టిస్టులమని చెప్పుకోలేదు. గడ్డకట్టే రాత్రి తలదాచుకోవడానికి కట్టుకున్నారు, అంతే. కానీ ఎక్కడ కట్టాలి, ఏ పేరు పెట్టాలి, ఎవరి మొహాల మధ్య పడుకోవాలి అన్నది వాళ్ళే తేల్చుకున్నారు. మా కాలేజీ గేటు దగ్గర కట్టింది కూడా ఫ్లెక్సీయే. గజం ధర ఒకటే. తేడా అంతా ఎవరు నిర్ణయించారన్నదాంట్లోనే ఉంది.

*

ఇప్పుడు మా అమ్మ దగ్గరికి తిరిగొస్తాను.

వారం చివర్లో ఆ ఫొటో తీసిన కుర్రాడు, నేను కలిసి వెళ్ళి ఆమెను క్షమించమని అడిగాం. మళ్ళీ ఫొటో తీస్తాం, ఈసారి నీ ఇష్టం అన్నాం. “ఆదివారం రండి. చర్చికెళ్ళి వచ్చాక,” అంది. ఆదివారం వెళ్ళేసరికి తెల్లచీర, చేతిలో బైబిలు, కోడలు, మనవడు. వాడికి కొత్త చొక్కా. ఇంటి ముందు రెండు కుర్చీలు వేయించి, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

మావాడి బుర్రలో ఎల్లా వాట్సన్ తిరుగుతోంది. నా బుర్రలోనూ అదే. వాడు మెల్లగా అడిగాడు: “అమ్మా, ఒక్కటి చీపురు పట్టుకుని తీద్దామా?”

“ఆదివారం గూడానా నాయనా?” అంది.

కోడలు పక్కున నవ్వింది. మా ఇద్దరికీ తల తిరిగినంత పనైంది. వారం రోజులు పాఠం చెప్పి, విని, మళ్ళీ మేం చేసింది అదే. ఈసారి వాషింగ్టన్ నుంచి తెచ్చిన చీపురు ఆమె చేతిలో పెట్టబోయాం. ఎంత గొప్ప ఫొటో అయినా ఇంకొకరి మీద అచ్చు పోయడానికి పనికిరాదు. ఎల్లా వాట్సన్ ఆ రోజు చీపురు పట్టుకుంది. ఈమె పట్టుకోనంది. రెండూ వాళ్ళ వాళ్ళ నిర్ణయాలే అయితేనే సరైనవి.

కుర్చీలో కూర్చుని, మనవడిని ముందు నిలబెట్టుకుని దిగింది. నవ్వలేదు. ఎందుకు నవ్వలేదని మేం అడగలేదు.

బయల్దేరుతుంటే, “ఆ పాత ఫ్లెక్సీ ఉందా సారూ? మా వంటపాక కారుతుంది,” అంది. మర్నాడు తెచ్చి కట్టి ఇచ్చాం. బొమ్మ లోపలికి రాకుండా పైకి పెట్టించింది.

మిత్రులారా, ఉద్యమాల్లో ఉన్న మనం కూడా ఫోన్ తీసి మనవాళ్ళ ఫొటోలు రోజూ తీస్తున్నాం. పోస్టర్లకు, రీల్స్‌కి, నిజనిర్ధారణ నివేదికలకు. ఘటన జరిగిన చోట సాక్ష్యం కోసం తీయాల్సినవి తీయాలి, తప్పదు. అయినా మొహం చూపించవచ్చా అని అడగండి. పేరు వేయాలా వద్దా అడగండి. అచ్చయ్యాక ఒక కాపీ వాళ్ళ ఇంటికి పట్టుకెళ్ళండి. ముఖ్యంగా, జాలి పుట్టాలని మనిషిని ఇంకొంచెం వంచి చూపించే పని మనం చేయొద్దు. ఆ పని చేసేవాళ్ళు ఎప్పటి నుంచో ఉన్నారు.

మీ ఇంట్లో మీ అమ్మమ్మో, తాతో దిగిన ఫొటో ఏదైనా ఉంటే, దాని వెనక కథ ఏమిటో ఈ ఆదివారం అడిగి రాసిపెట్టండి. ఆ కోటు ఎవరిది, ఆ గడియారం ఎవరిది, ఆ రోజు ఎందుకు దిగారు? థర్‌స్టన్ సంపుటాల పక్కన పెట్టాల్సిన పుస్తకం అదే. అది మనమే రాయాలి.

జై భీమ్.